బొబ్బర్లంక నుంచి అంతర్వేదికి కాలువగట్ల మీద దారి: పాత మ్యాపులు, ఉచిత సాఫ్ట్‌వేరుతో నా అనుభవం

బొబ్బర్లంక హెడ్ స్లూయిస్ (కాలువకి గోదావరి నీళ్లు వదిలే తలుపులు) దగ్గర బయల్దేరి అంతర్వేది దాకా, వీలైనంత మేర కాలువగట్టు మీదే సైకిల్ తొక్కాలని మా బావకీ నాకూ చాలాకాలంగా కోరిక. కోనసీమలో పెరిగినవాళ్లకి ఆ కోరిక ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లు వదిలిన రోజుల్లో గట్టుకి ఒకపక్క నిండుగా పారే కాలువ, రెండోపక్క దిగువన పచ్చటి చేలు, నెత్తిన కొబ్బరి మట్టల నీడ. హైవే ఎక్కితే ఇవేవీ ఉండవు, లారీల దుమ్ము తప్ప.

కానీ ఫోన్లో ఏ మామూలు మ్యాపు యాప్‌ని అడిగినా రావులపాలెం తీసుకెళ్లి హైవే ఎక్కిస్తుంది. దాని లెక్కంతా వేగం మీద. గట్టు దారి దానికి కనిపించదు, కనిపించినా అది దారి కింద లెక్క కాదు. అందుకని మా దారి మేమే గీసుకోవాలనుకున్నాం. వాడినవన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే: మ్యాపు కాలిబ్రేట్ చేయడానికి, అంటే బొమ్మని భూమ్మీది స్థానాలకి కలపడానికి, క్యూజీఐఎస్, దారి గీయడానికి క్యూమ్యాప్‌షాక్, దారి లెక్కగట్టడానికి బీరౌటర్, సైకిల్ మీద చూసుకోవడానికి ఫోన్లో ఓస్మాండ్. ఒక్క రూపాయి లైసెన్సు ఖర్చు లేదు. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద అన్నీ నడిచాయి.

ముందు మ్యాపుల సంగతి. మొదటిది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలైన ఈ మ్యాపుని ఎవరైనా దిద్దవచ్చు. డెల్టాలో పెద్ద కాలువలు, ఊళ్లు, తారురోడ్లు అందులో బాగానే ఉన్నాయి. గట్టు దారులే అరకొరగా ఉన్నాయి. రెండోది 1950ల్లో అమెరికా సైన్యపు మ్యాపు విభాగం అచ్చువేసిన 1:2,50,000 స్కేలు షీట్లు. టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ వీటి స్కాన్లను అందరికీ ఉచితంగా పెట్టింది. మన సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఈ ప్రాంతం 65 హెచ్, 65 ఎల్ కింద వస్తుంది. తీరప్రాంతం కావడంతో ఒకప్పుడు ఆ షీట్లు మామూలు మనిషి చేతికి వచ్చేవి కావు. 2005 నాటి జాతీయ మ్యాపుల విధానం తర్వాత పౌరుల కోసం ఓపెన్ సిరీస్ షీట్లు వచ్చాయి, 2017 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొత్త షీట్లు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే అక్షాంశ రేఖాంశాల కొలతలోనే ఉంటాయి కాబట్టి వాటితో పెద్ద పేచీ లేదు. నాకు కావాల్సింది మాత్రం పాత రేవులు, పాత పుంతలు (బండి దారులు). అవి పాత షీట్లలోనే ఉంటాయి.

మూడోది అసలైన నిధి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మా బంధువు ఒకాయన ఇంట్లో గుడ్డ మీద అతికించిన సెంట్రల్ డెల్టా కాలువల మ్యాపు ఉంది. ప్రతి లాకూ, ప్రతి తూమూ, ఏ కాలువ ఎన్నో మైలు దగ్గర ఎటు చీలుతుందో, అన్నీ సిరాతో రాసి ఉన్నాయి. కాటన్ దొర కాలంలో, 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్వుకుంటూ వచ్చిన ఈ కాలువలు సాగుకే కాదు, పడవలకి కూడా. లాకులు కట్టింది అందుకే. పడవలాగే మనుషులు నడవాలంటే ఒడ్డున దారి ఉండాలి. అంటే గట్టు దారి ఎవరో దయతలచి వదిలిన జాగా కాదు, కాలువతోపాటే పుట్టిన దారి. ఆ మ్యాపు చూస్తున్నంతసేపూ ఈ మాటే మనసులో మెదిలింది.

ఇక కాలిబ్రేషన్. స్కాన్ చేసిన మ్యాపు కంప్యూటరుకి ఒట్టి బొమ్మ. ఆ బొమ్మలో ఫలానా చుక్క భూమ్మీద ఫలానా అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందని కొన్ని చుక్కలకి మనం చెబితే, మిగతా బొమ్మంతా ఎక్కడ పరుచుకోవాలో సాఫ్ట్‌వేరు లెక్కవేస్తుంది. క్యూజీఐఎస్‌లో జియోరెఫరెన్సర్ అనే కిటికీ ఉంది, పనంతా అందులోనే. అమెరికన్ షీటు తేలిక, ఎందుకంటే దాని మీద అక్షాంశ రేఖాంశాల గీతలు అచ్చై ఉన్నాయి. గీతలు కలిసే చోట బాగా జూమ్ చేసి, సరిగ్గా కూడలి మీద నొక్కి, అంచున ఉన్న అంకెల్ని టైపు చేయడమే. నాలుగు మూలలూ, మధ్యలో ఇంకొన్నీ ఇస్తే చాలు.

ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఆ షీటు మీది అంకెలు జీపీఎస్ అంకెలు కావు. ఆ షీటుకి ఆధారమైన మన దేశపు పాత సర్వే అంతా 1830 నాటి ఎవరెస్ట్ దీర్ఘగోళం (భూమి ఆకారానికి వేసిన లెక్క) మీద, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మూలబిందువుగా నడిచింది. ఫోన్లోని జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. తేడా ఎంతో కళ్లతో చూద్దామని ఒకే షీటుని రెండు రకాలుగా కాలిబ్రేట్ చేశాను. ఒకసారి అంకెలు డబ్ల్యూజీఎస్ 84వే అని, రెండోసారి కల్యాణ్‌పూర్ 1975 అని, అంటే ఇలాంటి కొలత పద్ధతులకి నంబర్లిచ్చే ఈపీఎస్‌జీ జాబితాలో 4146. రెండిటినీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పరిచి చూస్తే మొదటిదాంట్లో కాలువలూ రోడ్లూ ఊళ్లూ అన్నీ కలిసికట్టుగా ఆగ్నేయానికి, సుమారు రెండు వందల మీటర్లు జరిగి ఉన్నాయి. రెండోదాంట్లో ఎక్కడివక్కడ కూర్చున్నాయి. రెండు వందల మీటర్లంటే మన దగ్గర చిన్న తేడా కాదు. ఆ మేరకు జరిగితే ఏటిగట్టు మీద ఉండాల్సిన దారి ఏటి మధ్యలో పడుతుంది. పాత భారతీయ మ్యాపుతో పనిచేసేవాళ్లు మొట్టమొదట సరిచూసుకోవాల్సింది ఇదే.

కాలువల మ్యాపు కథ వేరు. దాని మీద గీతలు లేవు, అంకెలు లేవు. మడతలు పడి ఉంది. నేలమీద పరిచి, నిచ్చెన ఎక్కి ఫోన్‌తో ఫోటో తీశాం. ఇలాంటి బొమ్మకి గుర్తుపట్టగలిగిన చోట్లనే ఆధారబిందువులుగా తీసుకోవాలి: జియోరెఫరెన్సర్‌లో ఒకవైపు పాత మ్యాపులో నొక్కి, రెండోవైపు ఇప్పటి మ్యాపులో అదే చోట నొక్కాలి.

ఏ చోటు తీసుకోవాలనేదే అసలు నైపుణ్యమని నాకు అక్కడ తెలిసింది. గోదావరి డెల్టాలో నేల కదులుతుంది. లంకలు ఒకవైపు కోసుకుపోతాయి, ఇంకోవైపు ఇసుక మేట వేసి పెరుగుతాయి. 1986 వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి, 2022 జులైలో 25 లక్షలు దాటాయి. 17.75 లక్షలు దాటితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అంత నీరు పోయాక లంక కొన, పాయ చీలిన చోటు, సముద్రంలో కలిసే మొగ, ఇవేవీ ఆధారబిందువులుగా పనికిరావు. మ్యాపులో అవే కొట్టొచ్చినట్టు కనబడతాయి, చేయి అటే పోతుంది. కానీ అక్కడ పిన్ను గుచ్చితే మ్యాపంతా వంకర పోతుంది.

కదలనివి లాకులు. రాతికట్టడాలు, కట్టినచోటే ఉన్నాయి. బొబ్బర్లంక హెడ్ స్లూయిస్, ప్రధాన కాలువ చీలే లొల్ల లాకులు, ఇంకా కిందికి వచ్చేకొద్దీ చిన్న లాకులు, పాత వంతెనలు, గుళ్లు. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర కాస్త ఆగి ఆలోచించాల్సి వచ్చింది. వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించే ఆ కట్టడం అక్కడ రెండు ఉన్నాయి: పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన పాతది, దాని పక్కనే 2000లో తెరిచిన డొక్కా సీతమ్మ అక్విడెక్టు. కాగితం మీద ఉన్నది పాతది. ఉపగ్రహ చిత్రంలో ముందు కంటపడేది కొత్తది. బాగా జూమ్ చేసి, పాత కట్టడం ఒడ్డుని తాకే మూల వెతికి పిన్ను అక్కడ పెట్టాను.

పిన్నులు పెట్టాక ఏ పద్ధతిలో బొమ్మని సాగదీయాలో ఎంచుకోవాలి. మొదటి తరగతి పాలినామియల్ అనే పద్ధతికి మూడు బిందువులు చాలు. కానీ అది బొమ్మని తిప్పగలదు, సాగదీయగలదు, వంచలేదు. రెండో తరగతికి కనీసం ఆరు, మూడోదానికి పది కావాలి. ఫోటో ఏటవాలుగా తీస్తే ప్రొజెక్టివ్ పద్ధతి బాగుంటుంది. మడతల కాగితానికి థిన్ ప్లేట్ స్ప్లైన్ నయం, అది ప్రతి పిన్ను దగ్గరా బొమ్మని పట్టి లాగి సరిగ్గా కూర్చోబెడుతుంది. దాంతో ఒక చిక్కు ఉంది. ఆ కిటికీ కింది పట్టికలో చూపించే తప్పు అన్నిచోట్లా సున్నాకి దగ్గర్లో ఉంటుంది, అంతా అద్భుతంగా కుదిరిందని మనం నమ్మేస్తాం. పిన్నుల దగ్గర కుదిరింది సరే, పిన్నుల మధ్య సంగతేమిటి? అందుకని కొన్ని లాకుల్ని కావాలనే పక్కన పెట్టి, మిగతావాటితో కాలిబ్రేట్ చేసి, పక్కన పెట్టినవి ఎక్కడ పడ్డాయో కొలిచి చూశాను. మడత పడిన చోట చుట్టుపక్కల ఎక్కువ పిన్నులు, చదునుగా ఉన్నచోట తక్కువ, అలా సర్దుకుంటూ పోతే బాగా కుదురుకుంది. పిన్నుల ఫైలుని విడిగా దాచుకోవాలి. ఇంకో రోజు ఒక లాకు చేర్చాలంటే మళ్లీ మొదట్నుంచీ గుచ్చక్కర్లేదు.

చివరి బొమ్మని భూమిని నిలువు పట్టీలుగా కోసి కొలిచే యూటీఎం పద్ధతిలో, 44 ఉత్తర మండలంలో (ఈపీఎస్‌జీ 32644), స్థానాన్ని కూడా దాచుకునే బొమ్మ ఫైలైన జియోటిఫ్‌గా దించాను. మన డెల్టా అంతా ఆ మండలంలోకే వస్తుంది, కొలతలు మీటర్లలో ఉంటాయి కాబట్టి దూరాలు చూసుకోవడం సుళువు. క్యూమ్యాప్‌షాక్‌కి వీఆర్‌టీ అనే సూచిక ఫైలు కావాలి. జీడాల్ అనే ఉచిత సాధనంలో ఒక్క ఆదేశంతో తయారవుతుంది. క్యూమ్యాప్‌షాక్‌తో వచ్చే క్యూమ్యాప్‌టూల్‌లో కూడా కాలిబ్రేషన్ చేయొచ్చు. నాకు క్యూజీఐఎస్ అలవాటు కాబట్టి అందులోనే చేశాను.

ఎంత బాగా కాలిబ్రేట్ చేసినా మ్యాపుకి దాని స్కేలు దానికి ఉంటుంది. 1:2,50,000 షీటులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. అందులో కాలువ గీత మందమే కాలువ అసలు వెడల్పుకంటే ఎన్నో రెట్లు. కాబట్టి ఏ కాలువ పట్టుకోవాలో పాత మ్యాపు చెబుతుంది, ఏ గట్టు పట్టుకోవాలో చెప్పలేదు. ఆ సంగతి ఉపగ్రహ చిత్రం కొంత చెబుతుంది, ఊరి మనిషి పూర్తిగా చెబుతాడు. ఈ మూడు మెట్లూ తెలుసుకున్నాక దారి గీయడం నాకు నిశ్చింతగా సాగింది.

దారి లెక్కకి బీరౌటర్ వాడాను. దీన్ని కంప్యూటరులోనే పెట్టుకోవచ్చు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ప్రపంచాన్ని ఐదేసి డిగ్రీల గళ్లుగా కోసి ఫైళ్లుగా ఇస్తారు. డెల్టా మొత్తం ఈ80_ఎన్15 అన్న ఒక్క ఫైలులో ఇమిడిపోతుంది. దాని గొప్పతనమంతా ప్రొఫైల్‌లో ఉంది. మామూలు టెక్స్ట్ ఫైలు, తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఏ రకం దారికి ఎంత ఖరీదు అన్నది అందులో రాసి ఉంటుంది, ఖరీదు తక్కువైన దారి వైపు అది మొగ్గుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ట్రాక్ (బండి బాట) అని గుర్తించి నేల ఎలాంటిదో రాయని దారికి అది ఎక్కువ ఖరీదు కడుతుంది. మన గట్లన్నీ మ్యాపులో సరిగ్గా అలాగే ఉన్నాయి. ఆ ఖరీదు తగ్గించి, హైవేకి పెంచాను. అంతే, దారి హైవే దిగి లొల్ల మీదుగా గన్నవరం కాలువ వెంట పాకింది. అది తెర మీద గీత గీసుకుంటూ కాలువ వంపుల వెంట పోతుంటే మా బావ "అద్దీ!" అని తొడ చరిచాడు.

వానలకి వేరే ప్రొఫైల్ చేసిపెట్టుకున్నాను. ఒండ్రుమట్టి తడిస్తే సైకిల్ చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పిండిలా కూరుకుపోతుంది, తోయడం కూడా కుదరదు. జులై నుంచి సెప్టెంబరు దాకా లంకల కాజ్‌వేలు మునుగుతాయి. ఆ రోజులకి తారు, సిమెంటు రోడ్లు మాత్రమే.

పంట్ల, అంటే ఏరు దాటించే పడవల, సంగతి మర్చిపోకూడదు. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, నరసాపురం–సఖినేటిపల్లి రేవు మన రోజువారీ దార్లు. బీరౌటర్ ప్రొఫైల్‌లో ఫెర్రీలు ఎక్కొచ్చా లేదా అని ఒక మీట ఉంటుంది. మాది వెళ్లేటప్పుడు పంటు అవసరం లేని దారి, వైనతేయ అక్విడెక్టు మీదుగానే దాటతాం. తిరుగు ప్రయాణం మాత్రం సఖినేటిపల్లి నుంచి పంటెక్కి నరసాపురం, అక్కణ్ణుంచి రైలు. మీట తిప్పగానే గీత వసిష్ఠ పాయని దాటింది. అయితే పంటు రాత్రి ఉండదు, వరదకి ఆపేస్తారు. ఆ వేళలు ఏ సాఫ్ట్‌వేరుకీ తెలియవు, రేవులో అడగాల్సిందే.

ఇంకో తమాషా ఎత్తుపల్లాల పటం. అరచేతిలా చదునుగా ఉండే కోనసీమలో క్యూమ్యాప్‌షాక్ నాకు వరసగా గుట్టలు చూపించింది. కారణం వెతికితే బోధపడింది. ఆ ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినవి. రాడార్ చాలాచోట్ల నేలని కాకుండా చెట్ల తలల్ని కొలుస్తుంది. కొబ్బరితోట వచ్చిన ప్రతిచోటా గుట్ట, చేను వచ్చిన ప్రతిచోటా పల్లం! దారి లెక్కలో ఎత్తుల్ని పట్టించుకోవద్దని ప్రొఫైల్‌లో ఆపేశాను. లేకపోతే నీడ ఉన్న దారుల్నే తప్పించుకుని పోయేది.

తీరానికి దగ్గరయ్యేకొద్దీ రొయ్యల చెరువులు. పైనుంచి చూస్తే చెరువు గట్టుకీ దారికీ తేడా తెలియదు, రెండూ తెల్లటి సన్న గీతలే. చెరువు గట్టు ఎవరి సొంతమో వారిది, చివర గేటు, తాళం ఉంటుంది. నేను పెట్టుకున్న గుర్తు ఒక్కటే: గీత నాలుగు పలకలుగా తిరిగి మొదటికే వస్తే అది చెరువు గట్టు. కాలువ వంపుతోపాటు వంపు తిరిగితే అది దారి. పాత కాలువల మ్యాపుని సగం పారదర్శకంగా ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఈ తేడా ఇట్టే తేలిపోతుంది, ఎందుకంటే అప్పటికి చెరువుల్లేవు.

దారిని ఫోన్లోకి పంపేటప్పుడు ఒక్క జాగ్రత్త. జీపీఎక్స్ ఫైలులో దారిని రెండు రకాలుగా దాచొచ్చు. రూట్ అంటే మలుపుల చుక్కలు మాత్రమే, మధ్యది పరికరం తన మ్యాపుని బట్టి తనే పూరించుకుంటుంది. ట్రాక్ అంటే అడుగడుగునా గీసిన గీత. రూట్‌గా పంపితే పరికరం తన తెలివితో మళ్లీ హైవే ఎక్కించే ప్రమాదం ఉంది. మనం కష్టపడి గీసిన గట్టు దారి అలాగే ఉండాలంటే ట్రాక్‌గానే పంపాలి. పాత జీపీఎస్ పరికరాల్లో ట్రాక్‌కి చుక్కల పరిమితి ఉంటుంది, అలాంటివాటికి జీపీఎస్‌బేబెల్ అనే సాఫ్ట్‌వేరుతో చుక్కలు తగ్గించుకోవచ్చు.

సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం. చాలామటుకు గీత మీదే నడిచాం. ఆత్రేయపురం చుట్టుపక్కల పూతరేకుల కోసం ఆగినప్పుడు తప్ప దారి విడిచింది లేదు. దట్టమైన తోటల కింద ఫోన్లో మన చుక్క అటూ ఇటూ గెంతుతుంది, కొన్నిసార్లు కాలువ అవతలికి కూడా పోతుంది. ఆకుల కింద ఉపగ్రహాల సంకేతం సరిగ్గా అందదు. గట్టు కళ్లముందే ఉంటుంది కాబట్టి అక్కడ ఫోన్ని పట్టించుకోనక్కర్లేదు.

అక్విడెక్టు దాటిన తర్వాత ఒకచోట గడ్డి మోపు నెత్తిన పెట్టుకొస్తున్న పెద్దాయన మమ్మల్ని ఆపాడు.

"ఆ గట్టెమ్మట ఎక్కడికి బాబూ?"

"రాజోలు వైపండీ."

"ఎల్లలేరండి. తూము కాడ గండి పడింది. ఎనక్కెళ్లి ఆ వంతెన మీంచి అవతలి గట్టెక్కండి. అది సుబ్బరంగా ఉంటది, ఆయ్."

తూము మా పాత మ్యాపులో ఉంది, మైలు అంకెతో సహా. గండి ఏ మ్యాపులోనూ లేదు. అవతలి గట్టు నిజంగానే సుబ్బరంగా ఉంది. ఓస్మాండ్‌లో అక్కడే ఒక గుర్తు పెట్టి, ఫోటో తీసుకున్నాం. ట్రాక్ రికార్డింగ్ ఎలాగూ నడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆ రికార్డింగ్ పెట్టుకుని, మేం తొక్కిన గట్లని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాను. ఎక్కడ మట్టి, ఎక్కడ కంకర, ఎక్కడ సైకిలే తప్ప కారు పట్టదు, లాకుల పేర్లు తెలుగులో ఏమిటి. కళ్లతో చూసినవీ మా జీపీఎస్ నమోదు చేసినవీ మాత్రమే. కాలువల మ్యాపులోంచి ఏదీ గీయలేదు, దాని హక్కులు మావి కావు కాబట్టి దాన్ని దారి వెతకడానికే వాడుకున్నాం. కొద్ది రోజులకి బీరౌటర్ ఫైలు కొత్తది దించుకుని చూస్తే, ప్రొఫైల్‌లో ఏమీ మార్చకుండానే అది గన్నవరం కాలువ గట్టు పట్టుకుంది. ఇప్పుడు వేరే ఊరి నుంచి ఎవరొచ్చి అడిగినా వాళ్లకీ అదే దారి చూపిస్తుంది.

తర్వాత మా కన్ను పశ్చిమ డెల్టా మీద ఉంది, విజ్జేశ్వరం నుంచి కిందికి. ఆ కాలువల పాత మ్యాపు మాకింకా దొరకలేదు. మీ ఇంట్లోనో, ఇరిగేషన్‌లో పనిచేసిన మీ తాతగారి పెట్టెలోనో ఉంటే దయచేసి పాడవకముందే ఫోటో తీసి పెట్టుకోండి. పగటి వెలుతురులో, నేలమీద చదునుగా పరిచి, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి తీయాలి. కాగితం పెద్దదైతే ముక్కలుముక్కలుగా తీయండి, పక్కపక్క ముక్కల్లో కనీసం నాలుగైదు లాకులు రెండిట్లోనూ పడేలా చూసుకోండి. వాటి ఆధారంగానే ముక్కలన్నీ ఒకే మ్యాపుగా కలుస్తాయి.